ఇక్రాన్‌కి కార్డు గీకి వచ్చాం

ఫ్లోరిడాలో నిజం జంతువులు కూడా ఉండే డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ పార్కుకి వెళ్దామని పట్టుబట్టింది నేనే. 2009లో 'అవతార్' చూస్తూ, నావీ జనం కాపురముండే మహావృక్షం హోమ్‌ట్రీ కూలే సీన్‌లో కళ్ళు తుడుచుకున్న బాపతు నేను. ఆ సినిమాలోని పండోరా లోకాన్ని 2017లో ఇక్కడ కట్టి తెరిచారని విన్నప్పటి నుంచీ చూడాలని కోరిక.

మేం దిగింది బయటి హోటల్లో. గది చవక, షటిల్ ఉచితం అన్నారు. ఆ ఉచిత షటిల్ నలభై నిమిషాలు లేటు. మేం పండోరా చేరేసరికి అక్కడి పెద్ద రైడ్ 'ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్' బోర్డు మీద లైన్‌లో నిలబడాల్సింది 120 నిమిషాలు అని! డిస్నీ సొంత హోటళ్ళలో దిగినవాళ్ళని అరగంట ముందే లోపలికి వదులుతారు. ఈ రైడ్ కోసమే వెళ్ళేవాళ్ళకి ఆ అరగంట చాలా విలువైనది. బయట ఉండేట్టయితే టాక్సీ మాట్లాడుకుని, గేట్లు తీయకముందే వెళ్ళి నిలబడండి.

తల పైకెత్తితే గాల్లో తేలే కొండలు. వాటిని మోసే ఇనుమంతా తీగల్లో, వేళ్ళలో దాచేశారు. ఏది అసలు మొక్కో ఏది చేసిందో తేలక ఒక ఆకుని గిల్లి చూశాను. అసలుదే. దాని పక్కది కాదు.

సినిమాలోని ఇక్రాన్ అనే రెక్కల జంతువు మీద ఎగిరే రైడ్ ఇది. బైక్ మీద కూర్చున్నట్టు ముందుకు వంగి కూర్చోవాలి, నడుం వెనక పట్టీ బిగుస్తుంది. ఎగరడం మొదలయ్యాక మోకాళ్ళ మధ్య ఏదో ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఏమిటా అనుకున్నాను. ఇక్రాన్ ఊపిరి! సముద్రం వైపు దూకినప్పుడు మొహాన తుంపర, అడవిలోకి తిరిగితే తడిమట్టి వాసన. నాలుగున్నర నిమిషాలే. దిగాక కాసేపు మాట రాలేదు.

మా బాబుకి 44 అంగుళాల ఎత్తు లేదు, ఎక్కనివ్వలేదు. రైడర్ స్విచ్ అడిగితే, నేను ఎక్కి వచ్చేదాకా మా ఆవిడ వాడితో బయట ఉండి, తర్వాత ఆ పొడుగు లైన్ లేకుండా వెళ్ళింది. పడవ మీద సాగే 'నావీ రివర్ జర్నీ'కి ముగ్గురం వెళ్ళాం. చివర్లో పాడే షమాన్ (నావీల పూజారిణి) బొమ్మ చేతులు చూస్తే ప్రాణం ఉందేమో అనిపిస్తుంది, కానీ దానికోసం గంట నిలబడక్కర్లేదు. భోజనానికి సాతులి క్యాంటీన్ నయం, శాకాహారులకి టోఫూ బౌల్ దొరుకుతుంది. చెట్లు వెలిగే వేళ చూడాలంటే చలికాలంలో వెళ్ళండి. ఈ పార్కు తొందరగా మూసేస్తారు, వేసవిలో చీకటి పడేదాకా ఉంచరు.

ఇక నాకు మింగుడుపడనిది చెప్తాను. ఇక్కడి కథ ప్రకారం, సినిమాలో హోమ్‌ట్రీని కూల్చిన గని తవ్వకాల కంపెనీ ఎప్పుడో వెళ్ళిపోయింది. తుప్పుపట్టిన దాని సామాన్ల మీద తీగలు పాకాయి. మనం ఒక టూర్ కంపెనీ తరఫున ప్రకృతి చూడటానికి వచ్చిన అతిథులం. అంటే తప్పు చేసినవాళ్ళు వేరే, మనం మంచివాళ్ళం! సినిమా నన్ను ఏడిపించింది ఆ తవ్వేవాళ్ళలో నేనూ కనబడ్డందుకే. ఇక్కడ ఆ ఊసే లేదు.

కూల్‌డ్రింక్ కప్పుకి మూత ఇవ్వరు, స్ట్రా కాగితానిది. ప్లాస్టిక్ జంతువుల నోట్లో పడకూడదని ఈ పార్కులో పద్ధతి. మంచిదే. ఆ కప్పు పట్టుకుని విండ్‌ట్రేడర్స్ షాపులోకి వెళ్తే, కొమ్మల మీద వరసగా ప్లాస్టిక్ ఇక్రాన్‌లు. దాన్ని కొనడం అనరు, దత్తత అంటారు. సినిమాలో అయితే ఇక్రానే మనిషిని ఎంచుకుంటుంది, అదీ చంపబోయి మరీ! ఇక్కడ కార్డు గీకితే చాలు. రైడ్ ఎక్కలేదని ముఖం మాడ్చుకున్న మావాడికి ఊదారంగుది దత్తత తీసుకున్నాం. తిట్టుకుంటూనే గీకాను, వేరే దారి లేదు.

అక్కణ్ణుంచి గొరిల్లా ఫాల్స్ బాటకి వెళ్ళాం. లైనే లేదు. నిజం గొరిల్లా, వీపున వెండి వెంట్రుకలతో, మాకు అటు తిరిగి కూర్చుని ఆకులు నములుతోంది. మావాడు భుజం మీది ఇక్రాన్ రెక్కలు టపటపా ఆడించాడు, ఇటు చూస్తుందేమోనని. చూడలేదు.