కర్నూలులో మహిళా సర్పంచ్‌ల కంప్యూటర్ క్లాస్: వెళ్లొచ్చా?

మా వదిన సర్పంచ్. కోడుమూరు వైపు పల్లె. సీటు మహిళలకు రిజర్వ్ అయిందని నామినేషన్ వేయించిన మా అన్నే ఊళ్లో అందరికీ సర్పంచ్ సారు. పంచాయతీల్లో ఆడవాళ్లకు సీట్లు రిజర్వ్ చేసిన రాజ్యాంగ 73వ సవరణ 1993లో అమల్లోకొచ్చింది, మన రాష్ట్రంలో సగం పంచాయతీ సీట్లు ఆడవాళ్లకే, అయినా చాలాచోట్ల ఇదే తంతు. అందుకే కర్నూలు కొత్త బస్టాండ్ దగ్గర ఒక ప్రైవేట్ సెంటర్‌లో శని, ఆదివారాలు పంచాయతీ పనులు నేర్పిస్తారని తెలిసి, మనిషికి 800 కట్టి వదినతో పాటు నేనూ కూర్చున్నా.

అన్నిటికంటే నచ్చింది, భర్తల్ని లోపలికి రానివ్వకపోవడం. మా అన్న ముఖం మాడ్చుకుని టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు.

పంచాయతీ లెక్కల ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో బిల్లు చెల్లించాలంటే సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకాలూ పడాలి. ఆ సంతకం పెట్టే కీ చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాగే ఉంటుంది, ఇన్నాళ్లూ అది మా అన్న చొక్కా జేబులోనే తిరిగింది, పిన్ కూడా ఆయనకే తెలుసు. క్లాసు చెప్పే మేడమ్ మొదట ఆ కీ తెప్పించి, పిన్ మార్చడం నేర్పించింది. వదిన ఒక్క వేలితో వెతుక్కుంటూ కొత్త నంబర్ కొట్టేటప్పుడు, పక్కనున్న నన్ను కూడా అటు తిరగమంది! తర్వాత మా పంచాయతీ ఖర్చులు తెరిచి చూపిస్తే బోరు మోటారు రిపేరు బిల్లులే వరసగా కనిపించాయి. "ఇన్నిసార్లు కాలిందా మోటారు?" అని వదిన అడిగిన తీరు చూసి క్లాసంతా నవ్వింది. బయట అన్నకు ఇంకా తెలీదు.

ఇక లోపాలు. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురు, నెట్ నత్తనడక, స్క్రీన్ మొత్తం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో నాలుగు పేజీల నోట్స్ కూడా ఇవ్వలేదు. చంటిపిల్లలతో వచ్చిన వాళ్లకు పక్కన చిన్న గది కూడా లేదు. ఆదివారం మధ్యాహ్నం చంద్రయాన్-3లో పనిచేసిన మహిళల వీడియో వేశారు. అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కాళహస్తి కల్పన గారిని చూసి అందరూ చప్పట్లు కొట్టారు, నాకూ గర్వంగానే అనిపించింది కానీ, ఆ గంట గ్రామసభ తీర్మానం రాయడం మీద పెట్టుంటే సోమవారం నుంచే పనికొచ్చేది. భోజనం పర్వాలేదు, పప్పు బాగుంది.

అయిదుకు మూడున్నర ఇస్తా. వెళ్లేవాళ్లు కీ ఇంట్లో వదిలిపెట్టకండి, రిజిస్టరైన ఫోన్ నంబర్ మీ ఆయనదైతే ముందే మీది పెట్టించుకోండి, లేకపోతే సగం క్లాసు ఓటీపీ కోసం కిందికీ పైకీ తిరగడంతోనే సరిపోతుంది.