మార్వాడీ అని చెప్పి ముసలి రేసు గుర్రాన్ని అంటగట్టారు, కొనేవాళ్లు చూసుకోండి

పెళ్లి ఊరేగింపులకి గుర్రం కొందామనుకునే కోనసీమ వాళ్లు ఇది చదివాకే బజానా ఇవ్వండి. నేను ముందే ఇచ్చేసి బుక్కైపోయాను.

మాది అమలాపురం దగ్గర. షామియానా, బ్యాండు మేళం వ్యాపారం. ప్రతి సీజన్‌కీ గుర్రాన్ని అద్దెకి తేవడం ఎందుకని ఒక దళారిని పట్టుకున్నాను. "ఆయ్, అసలు సిసలు మార్వాడీ అండి, ఏడేళ్లది, పైగా పంచకళ్యాణి" అన్నాడు (మార్వాడీ అంటే రాజస్థాన్ గుర్రాల జాతి లెండి). ఒళ్లంతా ముదురు గోధుమరంగు, నాలుగు కాళ్లూ ముఖమూ తెలుపు. చూడగానే మా నాన్నగారు "ఇంటికి లక్ష్మొస్తుంది రా" అనేశారు, ఇంకేముంది, లక్షా నలభై వేలు పోశాను.

మూడో రోజు కాలవలో దింపి కొబ్బరిపీచుతో రుద్దుతుంటే వెనక కాళ్ల తెలుపు నా చేతికొచ్చింది. రంగు! ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. చెవులకి తొడిగిన ఎర్ర కుచ్చుల టోపీ అప్పుడు విప్పాను (బేరం రోజున "దిష్టి తగులుతుందండి, విప్పకండి" అన్నాడు లెండి). మార్వాడీకి చెవుల కొసలు లోపలికి ఒంపు తిరిగి దాదాపు ఒకదానికొకటి తగులుతుంటాయి, గుజరాత్ కాఠియావాడీకీ అంతే. దీనివి నిటారుగా ఉన్నాయి.

పశువుల డాక్టరుగారు చూసి థరోబ్రెడ్ అన్నారు, అంటే రేసు గుర్రం. పై వరస మూల పన్ను చూపించారు. దాని మీద మట్టిరంగు గాడి ఒకటి ఉంటుంది, సుమారు 10 ఏళ్లకి చిగురు దగ్గర మొదలై 15కి సగం పన్నుదాకా, 20కి కొసదాకా దిగుతుందట. మా దానికి సగం దాటింది. ఏడేళ్లట!

గుర్రాన్ని ఏమీ అనను. రెండు మూడు కిలోమీటర్లు ప్రాణం పెట్టి ఉరకడానికి పెంచిన జాతిని తెచ్చి డప్పులు, టపాసుల మధ్య నిలబెడితే అదేం చేస్తుంది? మొదటి పెళ్లిలోనే, పెళ్లికొడుకు ఎక్కకముందే, బెదిరి లైట్ల బండి మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అడ్వాన్సు మాత్రం తిరిగిచ్చేశాను. నిజం మార్వాడీ అయినా అలవాటు లేకపోతే బెదురుతుంది, కాబట్టి బేరం రోజునే పక్కన డప్పు కొట్టించి చూడండి.

కాలు ఎత్తించి డెక్క అడుగు వాసన కూడా చూడండి, మన బురదలో నిలబడి నిలబడి అక్కడ కుళ్లితే కంపు కొడుతుంది. దీనికి డెక్కల మీద నల్ల పాలిష్ పూసి మెరిపించాడు, కింద చూస్తే అదీ సంగతి. గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగానికి రక్తపరీక్ష చేయించకుండా మాత్రం ఇంటికి తేవద్దు, అది మనుషులకీ అంటుకుంటుంది.

దళారి ఫోను స్విచాఫ్. రాజోలు వైపు ఇంకో "పంచకళ్యాణి"ని చూపిస్తున్నాడని నిన్ననే తెలిసింది. వెళ్లేవాళ్లు ఒక బకెట్ నీళ్లు, కొబ్బరిపీచు పట్టుకెళ్లండి.