పామ్ స్ప్రింగ్స్ ఒక ఎత్తు, పాలో ఆల్టో ఒక ఎత్తు

అమెరికాలో 1950, 60ల నాటి మోడర్న్ ఇళ్ళు చూడాలంటే అందరూ కాలిఫోర్నియా ఎడారిలోని పామ్ స్ప్రింగ్స్ పేరే చెబుతారు. అందులో తప్పేమీ లేదు. మనం విమానం దిగే టెర్మినలే ఆర్కిటెక్ట్ డొనాల్డ్ వెక్స్‌లర్ డిజైన్. ఊరికి ఉత్తరాన హైవే పక్కన, కప్పు కోసుగా పైకి లేచిన పాత పెట్రోల్ బంకు (1965) కనిపిస్తుంది. ఆల్బర్ట్ ఫ్రే, రాబ్సన్ చేంబర్స్ దాన్ని డిజైన్ చేశారు. ఒక దశలో కూల్చేస్తారనుకున్న ఆ బంకు ఇప్పుడు విజిటర్ సెంటర్. యాత్ర అక్కడే మొదలుపెట్టండి, మ్యాపులు దొరుకుతాయి.

ఫిబ్రవరిలో ఈ ఇళ్ళ ఉత్సవం మోడర్నిజం వీక్ జరిగేటప్పుడు వెళ్తే, మామూలు రోజుల్లో గేటు తీయని ఇళ్ళలోకి కూడా టికెట్ కొని వెళ్ళొచ్చు. కానీ రూముల రేట్లు మండిపోతాయి. వేసవిలో రూములు చవకే గానీ, 45 డిగ్రీల ఎండలో వీధులు తిరగడం మన వల్ల కాదు.

వ్యాన్ టూర్ నాకు నచ్చలేదు. ఏ సినిమా స్టార్ ఏ ఇంట్లో ఉన్నాడో గైడు ఓపికగా చెప్పాడు, ఆ ఇల్లు ఎందుకు అలా కట్టారో మాత్రం దాటేశాడు. రిచర్డ్ నోయిట్రా కట్టిన కౌఫ్‌మన్ హౌస్ (1946) రోడ్డు మీంచి చూడ్డమే. దానికంటే సైకిల్ తీసుకుని ట్విన్ పామ్స్ వీధుల్లో తిరగడం మేలు. అక్కడ ఆర్కిటెక్ట్ విలియం క్రైసెల్ దాదాపు ఒకే ప్లాన్‌ను ఇంటికో దిక్కుకు తిప్పి, కప్పులు మార్చాడు. అందుకే పక్కపక్క ఇళ్ళు ఒకేలా అనిపించవు.

అయితే మనుషులు ఈ ఇళ్ళలో రోజూ ఎలా బతుకుతున్నారో తెలిసింది శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి పాలో ఆల్టోలోనే. బిల్డర్ జోసెఫ్ ఐక్లర్ కాలిఫోర్నియాలో దాదాపు 11,000 ఇళ్ళు కట్టాడు. రంగు, మతం చూడకుండా అమ్మాడు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. వీధిలోంచి చూస్తే ఏమీ ఉండదు, గ్యారేజీ, ఒక మూసిన గోడ, అంతే. లోపలికి వెళ్తే వెనకవైపు నిలువెత్తు అద్దాలు, కొన్నింట్లో మన మండువా లోగిలిలా నడిమధ్య ఆకాశం.

అలాంటి ఇంట్లోనే అద్దెకు దిగాం. కాంక్రీటు గచ్చులో వేడినీళ్ళ పైపులుంటాయి, పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిస్తే హాయి. కానీ గచ్చు వేడెక్కడానికి గంటలు పడుతుంది. అటకే లేదు, ఇన్సులేషన్ అంతంత మాత్రం, మధ్యాహ్నం అద్దాల పక్కన ఉక్క. ఓనరు మాహోగని చెక్క గోడలన్నిటికీ తెల్లరంగు కొట్టించాడు. బట్టల అల్మరా లోపల మాత్రం ఒక పలక మిగిలింది. ఫోన్ లైటు వేసి చూస్తే ఎర్రటి గోధుమ రంగు చెక్క, పొడుగ్గా సన్నటి గీతలు. దాన్ని చూశాక హాల్లో కూర్చోబుద్ధి కాలేదు. ఇల్లు శుభ్రంగానే ఉంది, రేటు మాత్రం ఎక్కువే.

గ్రీన్‌మెడో, గ్రీన్ గేబుల్స్ అనే పాలో ఆల్టో ఐక్లర్ కాలనీలు 2005లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కాయి. అది గౌరవమే గానీ, ఓనరు సొంత డబ్బుతో ఇల్లు మార్చుకుంటానంటే ఆపే శక్తి ఆ జాబితా ఒక్కదానికే లేదు. అసలు గొడవ పై అంతస్తుతో వస్తుంది. పక్కవాడు మేడ లేపితే మన అద్దాల గోడ అతని కిటికీకి టీవీ అయిపోతుంది. ఇక పగలూ రాత్రీ కర్టెన్లు వేసుకోవాలి, అప్పుడా ఇంటికి అర్థమే లేదు. ఒక్క ఇంటిని అందంగా ఉంచుకుంటే చాలదు, వీధంతా ఒప్పుకోవాలి. అందుకే కొన్ని ఐక్లర్ వీధుల్లో నివాసులే నగరపాలక సంస్థను అడిగి ఒక్క అంతస్తు నియమం పెట్టించుకున్నారు. ఇంటికంటే స్థలానికే ఎక్కువ విలువ పలికే ఊళ్ళో అలా అడగడానికి గుండె ఉండాలి.

సమయం తక్కువుంటే, ఫొటోల కోసమైతే పామ్ స్ప్రింగ్స్ చాలు. ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం ముందు ఒక ఐక్లర్ ఇంట్లో చలికాలంలో ఒక రాత్రి పడుకుని చూడండి. కొనేముందు గచ్చులోని పైపులు ఉక్కువా రాగివా అని తప్పకుండా అడగండి. ఉక్కువైతే తుప్పు పట్టి లీకయ్యే అవకాశం ఎక్కువ, బాగు చేయాలంటే గచ్చు పగలగొట్టాలి.