ఏజెంటుకిచ్చే 15 శాతానికి మనకేమి దక్కుతుంది? బెంగళూరు లిటరరీ ఏజెన్సీ ఒకదానితో నా రెండేళ్ల అనుభవం

తెలుగులో నవల రాసేవారికి లిటరరీ ఏజెంటుతో, అంటే కమీషన్ తీసుకొని రచయిత తరఫున రాతప్రతిని ప్రచురణకర్తలకు అమ్మిపెట్టేవారితో, పని పడడం అరుదు. మన రచయితలు రాతప్రతిని పత్రిక సంపాదకులకో ప్రచురణకర్తకో నేరుగా పంపుతారు. అది కుదరకపోతే డీటీపీ, ప్రూఫులు, కాగితం, ముఖచిత్రం ఖర్చులన్నీ తామే భరించి 500 ప్రతులు అచ్చు వేయించుకుంటారు. మదనపల్లె టమాటా మార్కెట్లో మండీ నడిపే ఒక కుటుంబం గురించి రాసిన నా నవలను నేనూ 2017లో అలాగే తెచ్చుకున్నాను. ఇరవై రెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నందువల్ల ఇక్కడి స్నేహితులు చదవగలిగేలా దాన్ని ఇంగ్లీషులోకి నేనే అనువదించుకున్నాను. ఆ అనువాదం పూర్తయ్యాకే ఏజెంటు అవసరం తెలిసింది, ఎందుకంటే ఇంగ్లీషులో పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు ఏజెంటు చేతి మీదుగా వచ్చిన రాతప్రతినే ముందుగా చదువుతాయి.

ఈ సమీక్ష ఇందిరానగర్ ప్రాంతంలోని ఒక చిన్న ఏజెన్సీ గురించి. వారితో నా ఒప్పందం ఇంకా నడుస్తున్నందునా, మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా రాయవలసి ఉన్నందునా పేరు బయటపెట్టడం లేదు. తమ రాతప్రతిని ఎవరి చేతికి ఇవ్వాలా అని ఆలోచిస్తున్న తెలుగువారికి, పేరు లేకపోయినా, ఆ సేవ ఎలా ఉండాలో, దేనికి డబ్బివ్వాలో, దేనికి ఇవ్వకూడదో తెలిస్తే చాలునని నా ఉద్దేశం.

వీరికన్నా ముందు ఇదే ఊరిలో ఏజెన్సీనని చెప్పుకున్న మరొక సంస్థను ఆశ్రయించాను. రాతప్రతి చదివి అభిప్రాయం చెప్పడానికి 18,000 రూపాయలు అడిగారు, కట్టాను. ఆరు పేజీల నివేదిక వచ్చింది. అందులో కథానాయిక మేనమామను ఆమె అన్నగా రాశారు, నాలుగో అధ్యాయం తర్వాత జరిగిన ఒక్క సంఘటన ప్రస్తావనా లేదు, చివరి పేరాలో మాత్రం తమ వద్దే 65,000 రూపాయలకు ఎడిటింగ్ చేయించుకుంటే ప్రచురణకర్తలకు పంపే విషయం ఆలోచిస్తామని ఉంది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఉన్న ఏజెంట్ల సంఘాలు తమ సభ్యులు రచయితల నుంచి చదివినందుకు రుసుము తీసుకోరాదని నియమావళిలోనే రాసుకున్నాయని ఆ తర్వాత తెలుసుకున్నాను. ఏజెంటు జీవనం పుస్తకం అమ్ముడుపోయాక వచ్చే కమీషన్ మీద సాగాలి. చదివినందుకే డబ్బు వచ్చేస్తే ఆ పుస్తకాన్ని అమ్మవలసిన అవసరం వారికి ఉండదు. మన దేశంలో రుసుము బాహాటంగా చెప్పి తీసుకునేవారూ ఉన్నారు. అటువంటివారి దగ్గరకు వెళ్లేవారు తాము కొంటున్నది అభిప్రాయాన్నే గాని ప్రాతినిధ్యాన్ని కాదని గుర్తుంచుకోవాలి.

ఇందిరానగర్ ఏజెన్సీ ఒక్క రూపాయి అడగలేదు. అడిగినవి నాలుగు: ఒక పేజీ పరిచయ లేఖ, రెండు పేజీల కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు, నా గురించి నాలుగు మాటలు. వర్డ్ ఫైలులో, 12 పాయింట్ల అక్షరంతో, డబుల్ స్పేసింగ్‌తో, పేజీ సంఖ్యలతో పంపాలని, పీడీఎఫ్ వద్దని ముందే చెప్పారు. వీటిలో నన్ను ఎక్కువగా కష్టపెట్టింది కథాసారం. సీరియల్ చదివి పెరిగినవాళ్లం కావడం చేత, ముగింపు దాచిపెట్టి, ‘ఆ తర్వాత ఏమయిందన్నది నవలలో చదవండి’ అన్న ధోరణిలో రాసి పంపాను. రెండు రోజుల్లో తిరిగి వచ్చింది. ఏజెంటుకు కథాసారం ఊరించడానికి కాదు, నవల చివరిదాకా నిలబడుతుందో లేదో చూసుకోవడానికి. కనుక ఎవరు చనిపోతారో, మండీ ఎవరి చేతిలోకి పోతుందో అన్నీ అందులోనే చెప్పాలని మర్యాదగా వివరించారు. ఇటీవలి అయిదేళ్లలో వచ్చిన పుస్తకాల్లో నా నవలకు దగ్గరగా ఉన్నవి రెండు మూడు చెప్పమని కూడా అడిగారు. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన నవలలు ఎంత తక్కువో ఆ జాబితా తయారు చేస్తున్నప్పుడే నాకు తెలిసివచ్చింది. చివరికి రెండు కన్నడ, ఒక తమిళ అనువాదాల పేర్లు రాశాను.

తెలుగు మూలంలోని మొదటి అధ్యాయం కూడా కావాలన్నారు, అనువాదం మూలానికి ఎంత దూరంలో ఉందో వేరొకరి చేత చదివించి చూసుకునేందుకు. ఇక్కడ మనవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కే నాకూ ఎదురైంది. నా పుస్తకం డీటీపీ, అవి ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగుగా కనిపించే అనూ ఫాంట్లలో జరిగింది, ఆ ఫైలు వారి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చాను గాని ఒత్తులు కొన్ని చోటు మారాయి, కొన్ని మాయమయ్యాయి; పదహారు పేజీలు సరిదిద్దడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ఏ ఏజెంటుకూ పంపే ఉద్దేశం లేకపోయినా సరే, పుస్తకం అచ్చయ్యాక డీటీపీ వారి వద్ద నుంచి యూనికోడ్ ప్రతి ఒకటి తీసుకొని దాచుకోవలసిందిగా రచయితలను వేడుకుంటున్నాను. దానితో పాటు ఏజెన్సీ నా పుస్తకం రెండో పేజీ స్కాన్ కూడా అడిగింది. మనం అలవాటుగా వేయించే ‘సర్వహక్కులు రచయిత్రివి’ అన్న చిన్న పంక్తి అంత విలువైన రుజువుగా ఉపయోగపడుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఎనిమిది నుంచి పన్నెండు వారాల్లో జవాబిస్తామని చెప్పి పద్నాలుగో వారం దాటాక ఇచ్చారు, అదీ నేను గుర్తు చేసిన తర్వాత. మరొకరికి కూడా పంపుకోవచ్చునని, అయితే ఆ సంగతి తమకు తెలియజేయాలని ముందే చెప్పినందువల్ల ఆ నిరీక్షణ వల్ల నాకు నష్టం కలగలేదు. జవాబు మాత్రం ఎదురుచూపుకు తగినట్టే ఉంది. పూర్తి రాతప్రతి అడిగి, చదివి, ఒకసారి వచ్చి కలవమన్నారు.

ఆ సమావేశమే ఈ సేవలో నాకు అన్నింటికన్నా విలువైనది. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రోలో ఇందిరానగర్ వెళ్లాను. ఏజెంటుగారు కన్నడిగ, తెలుగు చదవలేరు గాని, రెండు లిపుల పోలిక వల్ల నా పుస్తకం ముఖచిత్రం మీద పేరును కూడబలుక్కొని చదివి నవ్వారు. మూడున్నర గంటల పాటు మేం మాట్లాడుకున్నదంతా దాదాపు చుట్టరికాల గురించే. నవలలో మేనత్త, పినతల్లి, మేనమామ భార్య ముగ్గురూ ఇంగ్లీషులో ఒక్క ‘ఆంటీ’గా మారిపోయారు, మేనరికం మీద ఆధారపడిన కథలో ఆ ముగ్గురూ ఒకటైపోతే కథే కూలిపోతుందని ఆవిడ గట్టిగా చెప్పారు. కన్నడంలో మేనత్తను సోదరత్తె అంటారు గనుక, ఆ మాటలో ఉన్న బరువు ఆవిడకు నేను వివరించవలసిన అవసరం రాలేదు. ‘అత్త’ను అత్తగానే ఉంచమన్నారు, వెనక చేర్చిన పదకోశం తీసివేయమన్నారు, మండీలో పాట పాడే ఘట్టంలో, అంటే వేలంలో, నేను ఇంగ్లీషు పాఠకుడి కోసం చొప్పించిన వివరణ వాక్యాలు పదకొండింటిని పెన్సిల్‌తో గీసి చూపించారు. బాను ముష్తాక్ కన్నడ కథలకు దీపా భస్తి చేసిన అనువాదానికి 2025లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చాక ప్రచురణకర్తలు దక్షిణాది భాషల వైపు కాస్త శ్రద్ధగా చూస్తున్నారని, ఈ సమయంలో మన నేల వాసన తుడిచేసి పంపడం తెలివితక్కువ పని అవుతుందని అన్నారు. తెలుగు మూలాన్ని చదివిన నా స్నేహితులెవరూ ఇంత జాగ్రత్తగా ఆ నవలను చూడలేదు.

ఏజెన్సీ ఒప్పందం ఐదు పేజీలు. భారతదేశంలో అమ్మిన హక్కులపై 15 శాతం, విదేశాల్లో మరొక ఏజెంటు సాయంతో అమ్మినవాటిపై 20 శాతం కమీషన్, గడువు రెండేళ్లు, 60 రోజుల నోటీసుతో ఎవరైనా విరమించుకోవచ్చు, అయితే ఈలోగా కుదిర్చిన పుస్తక ఒప్పందాలపై వారి కమీషన్ కొనసాగుతుంది. చివరికి నవలను తీసుకున్న ప్రచురణకర్త పంపిన ఒప్పందాన్ని వారు చదివిన తీరు చూశాక ఈ కమీషన్ ఎక్కువనిపించలేదు. ముసాయిదాలో అనువాద, ఆడియో, సినిమా హక్కులన్నీ ప్రపంచవ్యాప్తంగా, కాపీరైట్ ఉన్నంతకాలం రాసివ్వాలని ఉంది. మన చట్టం ప్రకారం అది రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ కింద హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలం చెప్పకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. వేరే షరతు రాసుకోకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోనప్పుడు ఆ బదలాయింపు రద్దవుతుంది. చట్టం ఇంత రక్షణ కల్పించినా, గడువూ ప్రాంతమూ విస్తారంగా రాసివున్న కాగితం మీద మనమే సంతకం చేస్తే ఆ రక్షణ పోతుంది. ఏజెంటుగారు సినిమా హక్కులను నాకే మిగిల్చారు, ఆడియో హక్కులకు మూడేళ్ల గడువు పెట్టించారు, రాయల్టీని ప్రచురణకర్తకు చేతికందిన మొత్తం మీద కాకుండా పుస్తకం ముద్రిత ధర మీద లెక్కించేలా మార్పించారు. దుకాణాలకు ఇచ్చే తగ్గింపులు పోగా మిగిలినదాని మీద లెక్కిస్తే అదే శాతానికి చేతికొచ్చే మొత్తం దాదాపు సగానికి పడిపోతుంది.

లోపాలు లేకపోలేదు. వారి వద్ద తెలుగు చదివే మనిషి లేరు; బయటివారి చేత చదివించినందువల్లే జవాబు ఆలస్యమైంది. రాతప్రతిని తొమ్మిది సంస్థలకు పంపినట్టు చెప్పారు గాని, ఎవరికి ఎప్పుడు పంపారో, ఎవరు ఏ కారణంతో వద్దన్నారో తెలిపే పట్టిక నేను మూడుసార్లు అడిగితే గాని ఇవ్వలేదు. ప్రతి మూడు నెలలకూ ఆ పట్టిక పంపాలని ఒప్పందంలోనే రాయించుకోవలసింది. నా మేనకోడలు వేసిన లోపలి బొమ్మలు పన్నెండింటినీ నవలతో పాటు సమర్పిస్తే, పెద్దల నవలకు బొమ్మలను ప్రచురణకర్తే నిర్ణయిస్తాడంటూ వెనక్కి ఇచ్చారు. ఆ నియమం సమంజసమే. కాని ఆ అమ్మాయి ఆరు వారాలు కష్టపడక ముందే, తొలి సూచనల్లోనే ఆ మాట చెప్పి ఉండవలసింది.

తొమ్మిదిలో ఎనిమిది సంస్థలు కాదన్నాయి, ఒకటి ఔనంది. అడ్వాన్సు చిన్నదే, 15 శాతం పోగా నాకు వచ్చినది, అంతకుముందు ఆ ఆరు పేజీల నివేదికకు కట్టిన సొమ్ము కన్నా కొంచెం ఎక్కువ. పోయిన నెలలో ప్రూఫులు వచ్చాయి. మొదటి పేజీలోనే ‘అత్త’ అనే మాట ఉంది, పరాయి మాటలకు వాడే వాలు అక్షరాలలో కాదు, మిగతా మాటలతో సమానంగా నిటారుగా.