ఒకే లంక, ఒకే రంగుల డబ్బా: తొమ్మిదేళ్ల తర్వాత

రాజమండ్రి దగ్గర గోదారిలో ఉన్న కేతావారి లంకంటే నాకు ప్రాణం. తొమ్మిదేళ్లుగా దాన్నే వేస్తున్నాను, అదీ ఈ ఒక్క డబ్బాతోనే. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, పన్నెండు వాటర్‌కలర్ బిళ్లలు. కొన్న వారానికే సమీక్ష రాసుంటే "రంగులు బాగున్నాయి" అని ఊరుకునేదాన్ని.

పడవ ప్రయాణానికి ఇంతకంటే వీలైనది లేదు. మూతలోనే రంగులు కలుపుకోవచ్చు. కాకపోతే మూల ఎనామిల్ లేచి తుప్పు పట్టింది, అక్కడ పసుపు కలిపితే మురికిగా వస్తోంది.

అసలు సంగతి గోదారి నీళ్ల రంగు. రెడీమేడ్ గ్రేతో రెండేళ్లు తంటాలు పడ్డా ఆ నీరు రాలేదు. ఒకరోజు అల్ట్రామెరైన్ అనే ముదురు నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపి తడి కాయితం మీద వదిలాను. ఆరేకొద్దీ నీలం రేణువులు కాయితం గరుకు గుంటల్లోకి దిగి విడిగా పేరుకున్నాయి. అచ్చం నీరు తీసిన ఇసుక మీద మిగిలే ఒండ్రులా! ఆ పూట ఇంకో బొమ్మ వెయ్యబుద్ధి కాలేదు, దాన్నే చూస్తూ కూర్చున్నాను. వరదల్లో ఎర్రనీరు దిగితే సియెన్నా, యెల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు) చాలు. అరటాకుల పచ్చ కూడా పసుపు, అల్ట్రామెరైన్ కలిపి చేసుకుంటాను. డబ్బాలోని రెడీమేడ్ పచ్చ ఇంకా సగం కూడా అరగలేదు.

బాధపెట్టింది అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు. కిటికీ ఎదురుగా తగిలించిన సాయంత్రం బొమ్మలో మూడేళ్లకే ఎరుపు వెలిసిపోయింది. కొనేముందు పిగ్మెంట్ నంబరు (ఏ రంగుపొడి వాడారో చెప్పే కోడ్) చూడండి: పీఆర్ 83 అని ఉంటే ఎండకు నిలవదు. ఇప్పుడు దాని చోట క్వినాక్రిడోన్ అనే ఇంకో ఎరుపు వాడుతున్నాను.

వానాకాలంలో తడి డబ్బా మూసేస్తే బూజు పడుతుంది. రాత్రంతా ఫ్యాన్ కింద తెరిచి ఉంచాలి. కాయితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటిది) కాటన్‌దే తీసుకోండి, కానీ దాన్నీ చెమ్మ తగలకుండా దాచాలి. చెమ్మకు పై పూత పోతే రంగు బ్లాటింగ్ పేపర్ మీద పడ్డట్టు పీల్చుకుపోతుంది. అలా ఒక ప్యాడ్ మొత్తం పాడైంది.

2022 జులై వరదప్పుడు లంకకు వెళ్లలేక గట్టు మీంచే వేశాను. నీళ్లు తీశాక వెళ్తే నేను రోజూ కూర్చునే ఇసుకగట్టు లేదు. "మీ చోటు గోదారమ్మ పట్టుకుపోయిందండమ్మా, ఇటు రండి" అని పడవాయన ఇంకో చోటు చూపించాడు. అక్కణ్ణుంచి హావ్‌లాక్ వంతెన వేరే కోణంలో కనిపిస్తుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు సియెన్నా అయిదో బిళ్ల నడుస్తోంది.