రెడీమేడ్ కిచెన్ డోర్లు కొంటున్నారా? ‘వాటర్‌ప్రూఫ్’ అన్న నోటిమాటకు డబ్బులు కట్టకండి

హనుమకొండ, వరంగల్, కాజీపేట వైపు ఎవరైనా వంటింటి అరలకు పాత డోర్లు తీసేసి, రెడీమేడ్ షట్టర్లు తెచ్చుకుని సొంతంగా బిగించుకుందాం అనుకుంటుంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి.

మేము కొలతలిచ్చి చేయించుకున్నాం. “మెరైన్ ప్లై సార్, నీళ్లలో నానబెట్టినా ఏం కాదు” అన్నారు దుకాణంలో. పైన సన్మైకా, అంచులకు టేపు, చూడ్డానికి చాలా బాగున్నాయి, బిగించడం కూడా ఇబ్బంది లేకుండా అయిపోయింది. వానాకాలం వచ్చేసరికి సింక్ కింది డోరు అడుగు అంచు ఉబ్బి టేపు ఊడొచ్చింది, వేలితో నొక్కితే టీలో నానిన బిస్కెట్‌లా దిగిపోతోంది. ఆ తర్వాత పై హింజ్ (డోరు తిరిగే కీలు) స్క్రూలు పొడితో సహా ఊడి డోరు ఒక పక్కకు వేలాడింది. పిల్లలు తిరిగే వంటిల్లు అది, మీద పడితే ఏంటి పరిస్థితి?

హింజ్ విప్పి, దాని కప్పు కూర్చునే 35 మిల్లీమీటర్ల గుంతలోకి టార్చ్ వేస్తే అసలు సంగతి బయటపడింది. ప్లైవుడ్ అయితే ఆ గుంత గోడకు పొరలు కనబడాలి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. మా దాంట్లో పొర అన్నదే లేదు, అంతా నున్నటి గోధుమరంగు పొట్టు. అది ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసిన బోర్డు. ఎండీఎఫ్ చెడ్డదని కాదు, తడి తగలని చోట బాగానే ఉంటుంది, కానీ మెరైన్ ప్లై అని చెప్పి ఆ రేటుకు అంటగట్టడం మోసం కాక ఇంకేంటి? బిల్లు మీద ‘షట్టర్లు’ అని మాత్రమే రాసిచ్చి, ఇప్పుడు “మేం ప్లై అని ఎప్పుడన్నాం” అంటున్నారు.

అందుకే సన్మైకా అతికించక ముందే పచ్చి షీటు చూపించమనండి. మెరైన్ ప్లై అయితే దాని మీద ఐఎస్ 710 అని, మామూలు కమర్షియల్ అయితే ఐఎస్ 303 అని ముద్ర ఉంటుంది. 710కి 72 గంటలు నీళ్లలో మరిగించే పరీక్ష ఉంది, 303లో ఎంఆర్ గ్రేడ్ కాస్త తేమకు ఆగుతుందంతే, సింక్ కింద పనికిరాదు. ఐఎస్ఐ గుర్తు దగ్గర ఉండే సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్స్ ఎవరిదో అక్కడే తెలిసిపోతుంది. గ్రేడు, మందం బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే లేచి వచ్చేయండి.

హింజ్‌ల విషయంలోనూ చూసుకోండి. హింజ్ చేతికి ఉండే వంపును క్రాంక్ అంటారు. డోరు ఫ్రేము మీద పరుచుకుంటే 0 క్రాంక్, ఫ్రేము లోపలికి కూర్చుంటే 15 లేదా 16. పాత ఇళ్లలో బండల అరలకు చాలావరకు లోపలి రకమే కావాలి, దుకాణాల్లో మాత్రం అడగకపోతే 0 చేతిలో పెడతారు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను, అది నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయట్లేదు. మీరు ఇప్పటికే ఇలాంటివి కొని ఉంటే ఒక్క హింజ్ విప్పి చూడండి, పొరలు లేకపోతే ఊడిపోయిన స్క్రూలు, ఉబ్బిన అంచు, బిల్లు అన్నీ ఫొటోలు తీసి పెట్టుకున్నాకే దుకాణానికి వెళ్లండి.