జాంజిబార్‌లో తారబ్: 135 డాలర్లకి మోసం, 20 వేల షిల్లింగులకి సంగీతం

టాంజానియాలోని జాంజిబార్ ద్వీపానికి వెళ్ళేవాళ్ళకి ముందుగా ఒక మాట. అక్కడి పాత ఊరు స్టోన్ టౌన్‌లో మీరు దిగిన చోట ఎవరైనా ‘తారబ్ డిన్నర్’ (అక్కడి సంగీతం వింటూ భోజనం) అని రంగుల కరపత్రం చేతిలో పెడితే వెంటనే డబ్బు కట్టకండి. ఎవరు వాయిస్తారు, ఎంతమంది వాయిస్తారు, ఒళ్ళో పెట్టుకుని మీటే కానూన్ అనే తీగవాద్యం ఉంటుందా లేదా, ఈ మూడూ అడిగి తెలుసుకున్నాకే పర్సు తియ్యండి. మాకు జరిగినదానికి నా కోపం ఇంకా తగ్గలేదు. అదే ఊళ్ళో మర్నాడు సాయంత్రం విన్న కచేరీ కూడా ఇంకా చెవుల్లోనే ఉంది. అందుకే రెండూ రాస్తున్నాను.

నేను ఉద్యోగరీత్యా దార్ ఎస్ సలామ్‌లో ఉంటాను. అక్కా బావా విజయవాడ నుంచి వచ్చారు. అక్క చిన్నప్పుడు ఘంటసాల సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంది. “బీచ్‌లు, డాల్ఫిన్లు నాకేం వద్దురా, ఇక్కడివాళ్ళ సంగీతం ఒక్కసారి దగ్గర కూర్చుని వింటే చాలు” అంది. అలాంటి మనిషిని తీసుకెళ్ళాల్సింది జాంజిబార్‌కే. అక్కడి తారబ్ అరబ్బు వాద్యాలతో స్వాహిలీ కవిత్వం పాడే సంగీతం. 1870లలో, 80లలో పాలించిన సుల్తాన్ బర్గాష్ కాలంలో ఈజిప్టు నుంచి ఆ ద్వీపానికి వచ్చిందంటారు. 1905లో పెట్టిన ఇఖ్వానీ సఫా అనే సంగీత క్లబ్బు పేరు ఇప్పటికీ అక్కడ గౌరవంగా చెప్పుకుంటారు. కుండలు చేసే ఇంట్లో పుట్టిన సితి బింతి సాద్ అనే గాయని 1928లో బొంబాయి దాకా ఓడలో వెళ్ళి హెచ్ఎంవీ రికార్డు కంపెనీకి పాటలు రికార్డు చేసింది. ఈ సంగతి చెప్పగానే అక్క ఇంక ఆగలేదు.

దార్ నుంచి ఫెర్రీ ప్రయాణం హాయిగా జరిగింది. విదేశీయులకి ఎకానమీ టికెట్ 35 డాలర్లు, రెండు గంటల లోపే దింపేస్తుంది. రేవు బయట మెడలో కార్డు వేలాడేసుకుని “టికెట్ ఇక్కడ” అని వెంటపడేవాళ్ళతో మాటలు పెట్టుకోకుండా సరాసరి కౌంటర్‌కి వెళ్ళండి. 2024 అక్టోబరు నుంచి బయటి దేశాలవాళ్ళకి జాంజిబార్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, తలకి 44 డాలర్లు. టాంజానియాలోనే తిరుగుతున్నా దిగగానే పాస్‌పోర్టు చూపించాలి. గది కూడా బాగుంది: చెక్కడాల మంచం, దోమతెర, గదికి 55 డాలర్లు. గొడవంతా ఆ గది ఇచ్చినవాళ్ళ దగ్గరే మొదలైంది.

కరపత్రం మీద ఫొటోలో ఇరవైమంది దాకా వాద్యకారులున్నారు. మధ్యలో ఒకాయన ఒళ్ళో కానూన్, వెనక వరసగా వయొలిన్లు. అక్క ఆ వయొలిన్లు చూసే సరే అంది. “అచ్చంగా ఇదేనా?” అని నేను అడిగితే రిసెప్షన్‌లో కుర్రాడు “ఇదే సార్, ప్రతి రాత్రీ ఇదే” అన్నాడు. తలకి 45 డాలర్లు, ముందే కట్టాలి. కట్టాం.

మేడ మీద ఏర్పాట్లు బాగున్నాయి, కాదనను. పరుపుల మీద కూర్చుంటే సూర్యుడు సముద్రంలోకి దిగడం కనపడుతుంది. కొబ్బరి అన్నం, పాలకూర, బఠాణీల కూర పెట్టారు. బావ శాకాహారి కాబట్టి అతనికి అంతే. చేపలు లేకపోయినా ధర మాత్రం తగ్గలేదు. ఎనిమిదింటికి ఒక్క మనిషి కీబోర్డు చంకలో పెట్టుకుని వచ్చాడు. మిగతావాళ్ళు వస్తారేమో అని చూశాం. రాలేదు. కీబోర్డులో తాళం దానంతటదే మోగుతుంటే మొదట పర్యాటకుల కోసం పాడే ‘జాంబో’ పాట పాడాడు. తర్వాత మా ముఖాలు చూసి హిందీ సినిమా పాట అందుకున్నాడు. మొత్తం అయిదు పాటలు, అరగంట కూడా లేదు. ఆ తర్వాత బ్లూటూత్ స్పీకర్ పెట్టి వెళ్ళిపోయాడు.

“ఏరా, దీన్నేనా నువ్వు ఇంత గొప్పగా చెప్పింది?” అని అక్క నెమ్మదిగా అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది.

ఒక న్యాయమైన మాట చెప్పాలి. కీబోర్డుతో పాడే తారబ్ నకిలీ కాదు. ఇప్పటి తారబ్‌లో అది కూడా ఒక రకం, ఆడవాళ్ళ పెళ్ళి వేడుకల్లో హోరెత్తిస్తుంది. హిందీ పాటల బాణీలు తారబ్‌లో కలవడం కూడా పాత సంగతే. ఆ పాడిన మనిషి గొంతు కూడా మంచిదే, అతని మీద నాకు ఏ కోపమూ లేదు. ఇరవైమంది ఫొటో చూపించి ఒక్కణ్ణి పంపడమే మోసం. మేనేజర్ని పిలిస్తే “వాద్యకారులందరూ పెళ్ళికి వెళ్ళారు” అన్నాడు. ఆ సంగతి మధ్యాహ్నం డబ్బు తీసుకునేటప్పుడు ఎందుకు చెప్పలేదో చెప్పడు. పైగా బిల్లు మీద పది శాతం సర్వీస్ ఛార్జి వేశారు. 135 డాలర్లకి 13.50 కలిపి 148.50, అంటే మన డబ్బులో దాదాపు పదమూడు వేలు. ముప్పావుగంట వాదిస్తే సర్వీస్ ఛార్జి తీసేశాడు, అంతకుమించి దిగిరాలేదు. బావ అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. పడుకోబోయే ముందు మాత్రం “రేపు పొద్దున్నే ఫెర్రీకి పోదామా?” అన్నాడు.

పొద్దున్న తిరిగినవి త్వరగా చెప్పేస్తాను. 1883లో కట్టిన సుల్తాన్ల భవనం హౌస్ ఆఫ్ వండర్స్ 2020 డిసెంబరులో కొంత కూలిపోయింది, బయటి నుంచే చూశాం. క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1946లో ఈ ఊళ్ళోనే పార్శీ ఇంట్లో పుట్టాడు, ఆయన పేరున చిన్న మ్యూజియం ఉంది, వీరాభిమానులైతేనే వెళ్ళండి. పాత కోట, అంటే న్గోమే కోంగ్వే, తప్పకుండా చూడాలి. లోపల మెట్ల వరసలతో బహిరంగ రంగస్థలం ఉంది. 2004లో మొదలైన సౌతి జా బుసారా అనే సంగీతోత్సవం ఫిబ్రవరిలో ఇక్కడే జరుగుతుంది. అక్కడ రికార్డు పెట్టి పెదాలు కదపడం కుదరదు, అంతా వాయించి పాడాల్సిందే. మేం వెళ్ళింది ఉత్సవం రోజులు కావు. అయినా కోట ముందు ఊద్ అనే అరబ్బు తీగవాద్యం మోస్తూ వెళ్తున్న ఒక పెద్దాయనని నేను స్వాహిలీలో పలకరించి రాత్రి సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఆ సాయంత్రం ధౌ కంట్రీస్ మ్యూజిక్ అకాడమీ విద్యార్థుల కచేరీ ఉందని చెప్పాడు. 2002 నుంచి తారబ్‌నీ ఇతర స్థానిక సంగీతాల్నీ నేర్పుతున్న బడి అది.

టికెట్ తలకి 20,000 షిల్లింగులు, దాదాపు ఏడు వందల రూపాయలు. ప్లాస్టిక్ కుర్చీలు, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు. వేదిక మీద తొమ్మిదిమంది: రెండు వయొలిన్లు, ఊద్, అకార్డియన్, పెద్ద బాస్, డుంబక్ అనే చిన్న డోలు, గిలకల కంజీరలాంటి రికా, ఒక గాయని. మధ్యలో కానూన్ పట్టుకున్న ఒక అమ్మాయి, ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో. మేం రెండో వరసలో ఉన్నాం కాబట్టి ఆమె చేతులు బాగా కనపడ్డాయి. రెండు చూపుడు వేళ్ళకీ ఉంగరాల్లాంటి పట్టీలు, వాటిలో తీగలు మీటడానికి ఇరికించిన సన్నటి పుల్లలు. డెబ్భైకి పైగా తీగలు, ఒక్కో స్వరానికి మూడేసి. ఎడమ పక్కన వరసగా ఇత్తడి మీటలు. కుడిచేత్తో వాయిస్తూనే ఎడమచేత్తో ఒక మీట టక్కున లేపితే స్వరం వెంట్రుకవాసి పైకి జరుగుతుంది. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని “ఆ గాంధారం విన్నావా? మన రెండు గాంధారాలకీ మధ్యలో పడింది” అంది. అప్పట్నుంచి అక్క మా వైపు చూడలేదు.

పాట మొదలయ్యే ముందు చాలాసేపు వాద్యాలే నడిచాయి. తర్వాత గాయని కూర్చునే, ముఖంలో ఏ హడావిడీ లేకుండా పాడింది. రెండో చరణంలో కాంగా అనే రంగుల అచ్చు వస్త్రం కట్టుకున్న ఒక నడివయసు ఆవిడ లేచి, తాళానికి తగ్గట్టు చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ వేదిక దాకా వెళ్ళి, గాయని చేతిలో నోటు పెట్టి, అలాగే ఊగుతూ వెనక్కి వచ్చింది. తర్వాత ఇంకొకామె. డబ్బు పాటలో ఏ పాదం దగ్గర ఇస్తారన్నది చాలా ముఖ్యమట. ‘నా వెనక మాట్లాడే నాలుక’ లాంటి పాదం దగ్గర లేచి ఇస్తే, ఆ మాట ఎవరికి తగలాలో సభలో అందరికీ తెలిసిపోతుంది. నా పక్కన కూర్చున్నావిడ ఇదంతా నవ్వుతూ వివరించింది. బావ మొహం అప్పుడు విప్పారింది. “మా ఊళ్ళో పద్యనాటకానికి చదివింపులు ఇలాగే ఉండేవిరా, పద్యం మధ్యలోనే పది రూపాయల నోటు పట్టుకుని స్టేజీ ఎక్కేవాళ్ళు” అన్నాడు. తర్వాతి పాటకి తనే అక్కని లేపి పంపాడు. అక్క రెండు వేల షిల్లింగుల నోటు కానూన్ అమ్మాయి ఒళ్ళో పెట్టి వచ్చింది. అది గాయనికే ఇవ్వాలని అక్కకి ఎవరూ చెప్పలేదు, అక్కడెవరూ తప్పు పట్టలేదు కూడా.

రాత్రి ఫోరోధానీ తోటలో తిన్నాం. బావకి ఉరోజో దొరికింది: మామిడికాయ పులుపు, పసుపు వేసిన పల్చటి పులుసులో బజ్జీలు, బంగాళాదుంపలు, పైన కొబ్బరి పచ్చడి, కర్రపెండలం చిప్స్. గుడ్డూ మాంసమూ వద్దని ముందే చెప్పాలి. గిన్నె 4,000 షిల్లింగులు, బావ రెండు తిన్నాడు. చేపలు, పీతలు కాల్చి అమ్మే బల్లల దగ్గర మాత్రం ధర అడక్కుండా ప్లేటు నింపించుకోవద్దు.

తెల్లవార్లూ పబ్బులు తెరిచి ఉండే ఊరు కావాలంటే స్టోన్ టౌన్ మీకు నచ్చదు. అది ముస్లింలు ఎక్కువగా ఉండే ఊరు, పది దాటితే సందులు ఖాళీ అవుతాయి. మద్యం కొన్ని హోటళ్ళలోనే దొరుకుతుంది, రంజాన్ నెలలో కచేరీలు వెతుక్కుని వెళ్ళొద్దు. సంగీతం కోసమైతే అకాడమీలో, పాత కోటలో ముందురోజే అడగండి. ఉత్సవం సమయంలో వెళ్తే గదులు బాగా ముందే చూసుకోవాలి. వెయ్యి, రెండు వేల షిల్లింగుల నోట్లు దగ్గర పెట్టుకుని వెళ్ళండి, పాట మధ్యలో చిల్లర ఎవరూ ఇవ్వరు.